శ్రీశైలం గొంతుకు సెలవు

హుజూర్‌నగర్ సేవాబంధు క్లబ్బులో నాగరాణికి ఎవరితోనూ తగాదా లేదు. ఆమెకు పడనిదల్లా ఒక మైకు. ఆ మైకు జానీ టెంట్‌హౌస్‌ది. కానీ ఆరేళ్లుగా అది ఉంటున్నది మాత్రం క్లబ్బు అధ్యక్షుడు శ్రీశైలం చేతిలో.

శ్రీశైలం మంచివాడు. ఈ మాట ముందే చెప్పుకోవాలి, లేకపోతే తర్వాత జరిగినదానికి తప్పంతా ఆయన నెత్తినే పడుతుంది. మెయిన్ రోడ్డు మీద ఎరువుల దుకాణం ఆయనది. ఎవరికి రక్తం కావాలన్నా, ఎవరిని దవాఖానకు తీసుకుపోవాలన్నా దుకాణం షట్టరు సగానికి దించి బయల్దేరే మనిషి. కాకపోతే ఏ సేవ అయినా చేసే ముందు దాని గురించి మాట్లాడాలి, చేస్తుండగా మాట్లాడాలి, చేశాక ఇంకొంచెం మాట్లాడాలి. సర్కారు దవాఖానలో దుప్పట్లు పంచిన రోజున రోగులు చలికి ముడుచుకుని, బల్ల మీద మడతపెట్టి ఉన్న దుప్పట్ల వంకే చూస్తూ ఆయన ఉపన్యాసమంతా విన్నారు. బడిలో బ్యాగులు పంచినప్పుడు ఒకటో తరగతి పిల్లలు ఒకరి మీద ఒకరు ఒరిగి నిద్రపోయారు. టీచర్లకు కూడా ఒరగాలనే ఉండింది గానీ ఉద్యోగాలు అడ్డొచ్చాయి.

ఇవన్నీ నాగరాణి నవ్వుకుంటూ భరించింది. గొర్రెల క్యాంపు దగ్గరే ఆమెకు మండింది.

నాగరాణి వాళ్లది గొర్రెలు కాచే కుటుంబం. భర్త పరమేష్ మేళ్లచెరువు వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. ఆమె బస్టాండు ఎదురుగా చీరలకు జాకెట్ ముక్కలు, ఫాల్సులు అమ్మే మ్యాచింగ్ సెంటర్ నడుపుతుంది. అత్త బీరమ్మ మాత్రం మందను విడిచి పట్నం రానని ఊళ్లోనే ఉండిపోయింది. మనుషులకు ఇన్ని క్యాంపులు పెడుతున్నాం కదా, ఒకసారి గొర్రెలకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు వేయిద్దామని నాగరాణే క్లబ్బును ఒప్పించింది. ఊరి మందలన్నీ ఒక్కచోటికి తోలుకొచ్చారు. పశువుల డాక్టరు మందు కలిపి సిద్ధంగా నిలబడ్డాడు. శ్రీశైలం మైకు అందుకుని, మూగజీవాల గొప్పతనం దగ్గర మొదలుపెట్టాడు.

మనుషులైతే మొహమాటానికి కూర్చుంటారు. గొర్రెలకు ఆ ఇబ్బంది లేదు. ముందు ఒక పొట్టేలు కదిలింది. దాని వెనుక ఇంకోటి. ఆయన కరుణ గురించి చెప్పడం పూర్తిచేసేసరికి మంద మొత్తం పక్కనున్న దుర్గయ్య పెసరచేనులో దిగి, మొదళ్లు మిగిల్చి బయటికొచ్చింది. దుర్గయ్య కూడా క్లబ్బు సభ్యుడే. ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొడుతున్నాడు పాపం. తర్వాత బీరమ్మతో ఆయన పెట్టుకున్న తగాదా దసరా దాకా సాగింది. ఆ రోజు నుంచి బీరమ్మ కోడలి క్లబ్బుకు సేవాబంధు అన్న పేరు వాడదు. “మీ మాటల సంఘం” అంటుంది.

జూలై నెల నుంచి క్లబ్బుకు కొత్త సంవత్సరం. దానికి ముందు సభ్యులకు నాయకత్వ శిక్షణ ఇప్పించాలని నియమం. ఇన్నేళ్లూ శ్రీశైలమే స్వయంగా శిక్షణ ఇచ్చేసేవాడు, అంటే మాట్లాడేవాడు. ఈసారి మాత్రం బయటి మనిషే రావాలని పై కమిటీ వాళ్లు గట్టిగా పట్టుబట్టారు. హైదరాబాద్ నుంచి ప్రణీత అనే అమ్మాయి వస్తుందని ఖాయమైంది. దుకాణం బస్టాండు ఎదురుగానే ఉంది కాబట్టి ఆమెను ఫంక్షన్‌హాలుకు తోడుకొచ్చే పని నాగరాణికి పడింది.

ప్రణీత పాతికేళ్ల పిల్ల. పోచంపల్లి చేనేత చీర, వీపున సంచి, చేతిలో ఫ్లాస్కు. బస్సు దిగుతూనే చేతులు జోడించి, స్కూటీ వెనక ఎక్కి కూర్చుని, పని మొదలుపెట్టింది.

“మీ ప్రెసిడెంట్ సారు ఎట్లుంటరు మేడం? ముందుగాల తెలుస్తే నాకు జర మంచిగుంటది.”

“మస్తు మంచి మనిషి మేడం,” అంది నాగరాణి. అది నిజమే. అక్కడితో ఆగితే ఈ కథే లేదు. కానీ అప్పుడే స్కూటీ ఫంక్షన్‌హాలు సందులోకి తిరిగింది. హాల్లోంచి శ్రీశైలం గొంతు సందంతా మోగుతోంది. మైకు పనిచేస్తుందో లేదో చూస్తున్నాడు. వేరేవాళ్లు హలో హలో అని చూస్తారు. ఆయన, “ఈ శుభ సందర్భంలో, మానవ జన్మ ఎత్తినందుకు...” అని చూస్తాడు.

నాగరాణికి పెసరచేను కళ్లముందు కదిలింది. నాలుక దానంతట అదే తిరిగింది.

“గని గొంతే బాగలేదు మేడం.”

“అయ్యో! ఏమైంది?”

“నల్లగొండల పెద్ద డాక్టరు చూసిండు. గట్టిగ మాట్లాడితే ఉన్న గొంతు పోతదన్నడు. గీ మనిషి వింటలేడు. సేవ అంటే పానం మీదికి తెచ్చుకుంటడు. మేం చెప్తే మనసు కష్టపెట్టుకుంటడు. కొత్తోళ్లు మీరు చెప్తే వింటడేమో.”

నాగరాణి అద్దంలో చూసింది. ప్రణీత కళ్లు తడిసి ఉన్నాయి.

“మా నాయిన కూడ గంతే మేడం. నడుము పోతాంది, మగ్గం దిగు నాయినా అంటే వినకపోతుండె. మీరు ఫికర్ చేయకుండ్రి. నేను చూసుకుంట. మీరు చెప్పినట్టు తెల్వనియ్య.”

ఇంత మెత్తటి పిల్లకు అబద్ధం చెప్పానే అనుకుంది నాగరాణి. మరుక్షణం, ఈ రోజంతా శ్రీశైలం మాట్లాడకుండా ఎలా ఉంటాడో ఊహకొచ్చి నవ్వొచ్చింది. ఆ నవ్వును దాచుకుంటూనే బండికి స్టాండు వేసింది.

హాల్లో ముప్పై మంది దాకా సభ్యులు కూర్చున్నారు. శ్రీశైలం మైకు ముందు నిలబడి, కండువా సర్దుకుని, “మన ఆహ్వానాన్ని మన్నించి...” అన్నాడో లేదో, ప్రణీత వేదికెక్కి ఆయన చేతిలోంచి మైకును పసిపిల్లను అందుకున్నంత సున్నితంగా అందుకుంది.

“సార్, మీరు కూసోండి. ఇయ్యాల మీ పని వినుడు. లీడర్ అంటే ముందుగాల వినేటోడు.”

శ్రీశైలం ఇది శిక్షణలో భాగమనుకున్నాడు. తల ఊపి కూర్చున్నాడు. కాసేపటికి, “ఈ వినుడు గురించి నేనొక్క మాట...” అంటూ లేచాడు. ప్రణీత పెదవుల మీద వేలు పెట్టుకుని, ఫ్లాస్కులోంచి వేడినీళ్లు పోసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన గ్లాసు వంక చూశాడు. ఆమె వంక చూశాడు. తాగాడు. మళ్లీ లేచాడు. మళ్లీ వేడినీళ్లు వచ్చాయి. మూడోసారి లేచింది మాట్లాడటానికి కాదు, బాత్రూమ్‌కు. అప్పుడు కూడా ఆమె ఫ్లాస్కు అందుకుంది.

టెంట్‌హౌస్ యజమాని జానీ కూడా క్లబ్బు సభ్యుడే, మెల్లగా నాగరాణి పక్కకు జరిగాడు. తన మైకు వేరేవాళ్ల చేతిలో ఉండటం ఆయనకు కొత్తగా ఉంది.

“ఏమైంది బహెన్, మన అన్నకు? వేడినీళ్లేంది?”

చెప్పక తప్పలేదు. ఒకరికి చెప్పిన అబద్ధం పక్కవాడి దగ్గర మార్చి చెబితే ఇద్దరూ కలిసి పట్టుకుంటారు. కాబట్టి నాగరాణి అదే అబద్ధాన్ని, అదే నల్లగొండ డాక్టరుతో సహా జానీకి చెప్పింది. ఎవరికీ చెప్పొద్దని కూడా చెప్పింది. జానీ తన టోపీ మీద ఒట్టేశాడు.

చాయ్ విరామం ముగిసేసరికి హాలంతా తెలిసిపోయింది.

సేవాబంధు క్లబ్బుకు ఇన్నేళ్లలో సేవ చేయించుకునే మనిషి ఇంత దగ్గరగా ఎప్పుడూ దొరకలేదు. ఒకరు తేనె తెచ్చారు. ఒకరు మిరియాల పాలు కాయించారు. జానీ పరుగున పోయి కరక్కాయ తెచ్చి, ఆయన బుగ్గలో స్వయంగా పెట్టి, మొహం తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు. పెసరచేను పోయినప్పటి నుంచి అధ్యక్షుడితో ముభావంగా ఉన్న దుర్గయ్య తన చేత్తో చాయ్ తెచ్చి ఇచ్చాడు. ఎవరో ఒకావిడ ఇంటికి మనిషిని పంపి ఉన్ని మఫ్లరు తెప్పించి ఆయన మెడకు చుట్టింది. అది జూన్ నెల, బయట రోడ్డు మీద తారు మెత్తబడుతోంది. శ్రీశైలం చెమటలు కారుతూ, బుగ్గలో కరక్కాయతో, పెళ్లిపీటల మీద కూర్చున్న పెళ్లికొడుకులా కదలకుండా కూర్చున్నాడు. ఒకటి రెండుసార్లు నాగరాణి వైపు చూశాడు. ఆమె చటుక్కున నోట్లోకి చెంగు కుక్కుకుని దగ్గింది.

ఇంతలో నాగరాణి ఫోను మోగింది. శ్రీశైలం భార్య గోవిందమ్మ.

“నాగరాణీ, మా ఆయన గొంతు పోయిందంటున్నరేందే? పొద్దుగాల దోశ మాడిందని నామీద గట్టిగనే ఒర్రిండు గద!”

“గట్ల ఒర్రద్దనే డాక్టరు చెప్పింది వదినా.”

గోవిందమ్మ గొంతు తగ్గించింది.

“ఎన్ని దినాలు ఒర్రద్దన్నడు?”

“గదింకా చెప్పలే.”

“జర ఎక్కువ దినాలే చెప్పమను,” అని గోవిందమ్మ ఫోను పెట్టేసింది.

భోజనాల తర్వాత ప్రణీత అందరినీ నిలబెట్టి అసలు పరీక్ష పెట్టింది. ఇద్దరిద్దరు జట్లుగా బయటికి పోవాలి. కనపడ్డ చోట ఏదో ఒక సేవ చేసి రావాలి. బ్యానరు ఉండకూడదు, ఫొటో ఉండకూడదు, మైకు ఉండకూడదు.



“ఫొటో లేకుంటే చేసినట్టు ఎట్ల తెలుస్తది మేడం?” అన్నాడు జానీ.

“మీకు తెలుస్తది గద అన్నా.”

“నాకు తెలిసి ఏం లాభం?”

అందరూ నవ్వారు గానీ అది చాలామంది మనసులో ఉన్న ప్రశ్నే. ప్రణీత జట్లు కట్టింది. శ్రీశైలం వెంట ఆయన గొంతు సంగతి తెలిసిన మనిషి ఉంటే మంచిదని ఆమె మంచి మనసుతోనే అనుకుంది. అట్లా నాగరాణి, శ్రీశైలం ఒక జట్టయ్యారు.

ఇద్దరూ బస్టాండు దాకా నడిచారు. దారిలో ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. ఎవరూ వినకున్నా మాట్లాడే మనిషి అలా మౌనంగా నడుస్తుంటే నాగరాణికి అరికాళ్లలో ఏదో గుచ్చుకుంటున్నట్టు ఉంది. బస్టాండులో రేకుల కింద నీడ చూసి బెంచీ మీద కూర్చున్నారు. ఆయనకు ఆవలి పక్క ఒక ముసలామె గుడ్డసంచి ఒళ్లో పెట్టుకుని ఉంది.

“బిడ్డా, గా బస్సు మఠంపల్లిదేనా? జర చూసి చెప్పు,” అందామె శ్రీశైలంతో, కళ్లు చికిలించి.

శ్రీశైలం నోరు తెరిచాడు. నాగరాణిని చూశాడు. మూశాడు. కాదన్నట్టు చెయ్యి ఊపాడు.

ముసలామె ఆ చేతిని దగ్గరికి లాక్కుని తడిమింది. “మాట రాదా నాయినా?”

“గొంతు బాగలేదవ్వా,” అంది నాగరాణి, ఈ అబద్ధం తనను ఎక్కడిదాకా ఈడ్చుకుపోతుందో తెలియక.

“అయ్యో, నా తండ్రి!” ఆమె శ్రీశైలం చెంప నిమిరింది. “దేవుడు సక్కగ పంచడు బిడ్డా. నీ అసొంటోనికి మాటనే ఇయ్యలే. ఇంకొకనికి ఊరందరి మాట వానికే ఇచ్చిండు. మొన్న చలికాలంల గీడ కండ్ల క్యాంపు పెట్టిండ్రు. నేను వచ్చిన.”

శ్రీశైలం వీపు నిటారుగా అయింది. ఆ క్యాంపు సేవాబంధు క్లబ్బు పెట్టిందే.

“డాక్టరమ్మ మంచిగ చూసింది. పేరు రాసుకున్నది, అద్దాల నంబరు రాసుకున్నది. కండ్లల్ల మందేసి కూసోబెట్టిండ్రు. అంత మసకనే. మనిషి కనపడడు, గొంతే వినపడుతది. గప్పుడు ఒకడు మైకు పట్టిండు బిడ్డా! కండ్లు లేకుంటే లోకమే లేదన్నడు. నాకు తెల్వదా? కనపడకనే గద వచ్చిన. గాడికెల్లి కండ్లు దానం చేసినోళ్ల కథ. గాడికెల్లి వాళ్ల నాయిన కథ. ఊరి పేరు, ఫోను నంబరు గాయన మాట అయినంక రాసుకుంటం, అద్దాలు ఇంటికే పంపుతం అన్నరు. మాట అయితేనా? మా ఊరికి పొద్దుగూకితే బస్సు లేదు. ఒకల చెయ్యి పట్టుకొని తడుముకుంట లేచి వచ్చిన. అద్దాలు లేవు, ఏం లేవు. గాయన ఇంక మాట్లాడుతనే ఉన్నడేమో!”

నాగరాణికి మొదట నవ్వు ముంచుకొచ్చింది. ఒక్క మాట కూడా తిరిగి అనలేని శ్రీశైలం, ఆయన్నే పట్టుకుని ఆయన మీదే చాడీలు చెబుతున్న ముసలామె. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగింది. నవ్వు కాస్త తగ్గాక ఆయన మొహం చూసింది. అక్కడ కోపం లేదు. చెవులు ఎర్రబడ్డాయి. మెడకున్న మఫ్లరు తీసి ఒళ్లో పెట్టుకుని, దాన్ని మడతపెడుతున్నాడు, మళ్లీ విప్పుతున్నాడు.

నాగరాణి నవ్వు ఎటో పోయింది.

శ్రీశైలం ముసలామె వైపు చూపించి, పేరడుగు అన్నట్టు సైగ చేశాడు.

“అవ్వా, నీ పేరేంది?”

“గుర్వమ్మ.”

ఆయన దిగ్గున లేచాడు. నాగరాణి ముందు చెయ్యి చాపాడు. స్కూటీ తాళంచెవి కోసమని అర్థమయ్యేసరికి ఆమెకు కొంత సమయం పట్టింది. ఇచ్చింది. స్కూటీ ఫంక్షన్‌హాలు దగ్గర ఉంది. ఆయన కండువా ఎగురుతుండగా అటు పరుగెత్తాడు.

“పిలగాడు ఎటువాయె?” అంది గుర్వమ్మ. “నీ పెనిమిటా బిడ్డా?”

“కాదవ్వా. మా అన్న.”

ఆయన ఇంటికే పోయి ఉంటాడు, ఇక క్లబ్బుకు కూడా రాడేమో అనుకుంది నాగరాణి. పెసరచేనుకు ఇంత శిక్ష ఎక్కువే అనిపించింది. కండక్టరు మఠంపల్లి, మఠంపల్లి అని కేకేశాడు. నాగరాణి గుర్వమ్మను లేపి బస్సు మెట్ల దాకా నడిపించింది.

అప్పుడు స్కూటీ బస్టాండులోకి, బస్సులు మాత్రమే రావాల్సిన దారిలోంచి, దూసుకొచ్చింది. శ్రీశైలం దాన్ని బస్సు ముందుకే తెచ్చి ఆపాడు. డ్రైవరు హారన్ మోగించాడు. ఆయన పట్టించుకోలేదు. జేబులోంచి కళ్లద్దాల డబ్బా తీశాడు. క్యాంపు అద్దాలు తయారై వచ్చాక, ఊరి పేరు తెలియక మిగిలిపోయిన జతలు ఆయన దుకాణం అల్మారాలోనే ఉన్నాయి. అందులో ఒకటి గుర్వమ్మ పేరుతో ఉంది. ఆయన అద్దాలను కండువాతో తుడిచి, రెండు చేతులతో ఆమె చెవులకు తగిలించాడు.

గుర్వమ్మ తల ఎత్తింది. బస్సును చూసింది. బస్టాండు రేకులను, రోడ్డవతల నాగరాణి దుకాణం ముందు వేలాడుతున్న రంగురంగుల గుడ్డలను చూసింది. చివరికి శ్రీశైలం మొహాన్ని, మీసాల కొసల దాకా తీరిగ్గా చూసింది.

“చక్కగున్నవు గదా బిడ్డా!”

ఇక్కడ ఊరుకుంటే ఆయన శ్రీశైలం ఎట్లా అవుతాడు? పొద్దుటి నుంచి బిగబట్టిన గొంతు సంతోషానికి పగిలింది.

“మంచిగ కనపడుతుందా అవ్వా?”

గుర్వమ్మ బిగుసుకుపోయింది. “గీ గొంతు...” అంది. ఆయన్ను పైనుంచి కిందికి చూసింది. ఒక చేత్తో అద్దాలు, ఒక చేత్తో సంచి గట్టిగా పట్టుకుని, ఆ వయసు మనిషి ఎక్కగలదని ఎవరూ అనుకోనంత వేగంగా బస్సెక్కేసింది. కిటికీలోంచి తల బయటపెట్టి అరిచింది.

“నువ్వు మంచోనివే బిడ్డా! నీ కడుపు సల్లగుండ! గని నాకు బస్సు పోతది!”

బస్సు కదిలిపోయింది. దుమ్ములో ఇద్దరూ నిలబడిపోయారు. నాగరాణి తన చెప్పుల వంక చూసుకుంటోంది.

“నల్లగొండల ఏ డాక్టరు చెల్లె?” అన్నాడు శ్రీశైలం.

“తప్పయిందన్నా.”

“పేరైతే చెప్పు. మంచి డాక్టరున్నట్టున్నడు.”

ఆమె తల ఎత్తలేదు. “నీకెప్పుడు ఎరుకయింది?”

“పొద్దుగాల్నే. కరక్కాయ పెట్టుకుంట జానీ అంత చెప్పేసిండు. ముందుగాల మస్తు కోపమొచ్చింది. లేచి హాలు దద్దరిల్లేటట్టు ఒర్రుదామనుకున్న. అంతట్ల దుర్గయ్య చాయ్ పట్టుకొచ్చిండు. ఏడాదాయె గాయన నాతోని సక్కగ మాట్లాడక. సరే, జర చూద్దాం తియ్ అనిపించింది.” ఆయన మఫ్లరుతో మొహం తుడుచుకున్నాడు. “దుకాణంల పొద్దంత రైతుల బాధలే వింట. ఇంట్ల గోవిందమ్మది వింట. మైకు పట్టుకుంటే గప్పుడు నా మాట నేను వింట. మీరందరు కూడ ఇష్టంగ వింటున్నరనుకున్న. ఆరేండ్లల్ల ఒక్కలు చెప్పలేదు గదనే!”

“చెప్తే దాని మీద కూడ మాట్లాడుతవని భయమన్నా.”

శ్రీశైలం ఆమెను తేరిపార చూశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వుకు మైకు అక్కర్లేదు. బస్టాండులో కునుకు తీస్తున్నవాళ్లంతా లేచి కూర్చున్నారు.

ఆయన తనను క్షమించేశాడనుకుంది నాగరాణి. క్షమించాడు కూడా. కానీ క్షమించినంత మాత్రాన ఊరుకోవాలని ఎక్కడుంది?

సాయంత్రం ముగింపు సభలో ఎవరెవరు ఏమేం చేశారో చెప్పారు. జానీ జట్టు బజారులో కూరగాయలమ్మే ఆమె తోపుడుబండికి చక్రం బిగించిందట. ఫొటో తీయలేదని ఆయన రెండుసార్లు బాధపడ్డాడు. అందరిదీ అయ్యాక శ్రీశైలం లేచి మైకు కోసం చెయ్యి చాపాడు.

“వద్దన్నా!” అని హాలు హాలంతా లేచింది. ప్రణీత ఫ్లాస్కు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

“రెండే మాటలు,” అన్నాడాయన బొంగురు గొంతుతో. ఆ బొంగురు ఎక్కడి నుంచి తెచ్చాడో నాగరాణికి అర్థం కాలేదు. “నా గొంతు మీద మీరందరు చూపించిన ప్రేమ నేను మర్చిపోను. అందరికన్న ఎక్కువ ఫికర్ చేసింది మా చెల్లె నాగరాణి. డాక్టరు ఏం చెప్పిండో ఆమెకే పూర్తిగ ఎరుక. ఏడాది రెస్టు చెప్పిండు గదా చెల్లె?”

అందరి కళ్లూ నాగరాణి మీద పడ్డాయి. కాదంటే అబద్ధం మొత్తం బయటపడుతుంది. ప్రణీత పెద్ద పెద్ద కళ్లతో చూస్తోంది.

“అ... అవునన్నా.”

“ఏడాది అంటే మళ్ల జూన్ దాక. మాట్లాడని మనిషి ప్రెసిడెంట్ ఎట్లయితడు? నా గొంతును ఇంతగనం కాపాడుకున్న మనిషే నా కుర్చీల కూసోవాలె. జూలై కెల్లి మన ప్రెసిడెంట్ నాగరాణి!”

చప్పట్లకు హాలు పైకప్పు లేచిపోయేలా ఉంది. దుర్గయ్య ఈల కూడా వేశాడు. నాగరాణి వద్దు వద్దని చేతులు ఊపింది. ఆమెకు కావాల్సింది మైకు ఆయన చేతిలో ఉండకపోవడమే తప్ప తన చేతిలోకి రావడం కాదు. కానీ ఆ గోలలో ఎవరు వింటారు? శ్రీశైలం ఆమెకు శాలువా బదులు ఆ ఉన్ని మఫ్లరే కప్పాడు. కప్పుతూ చెవిలో, “ఉక్కపోస్తదే. ఓర్చుకో,” అన్నాడు.

ప్రణీతను బస్సెక్కించేటప్పుడు నాగరాణి నిజం చెప్పేద్దామనుకుంది. ఆ పిల్ల అవకాశం ఇవ్వలేదు.

“మేడం, ఇయ్యాల నేనే ఎక్కువ నేర్చుకున్న. ప్రెసిడెంట్ ఒక్క దినం మాట్లాడకుంటే ఎంతమంది మాట్లాడిండ్రో చూసిండ్రా? వచ్చే వారం దేవరకొండల ట్రైనింగు. ఆడ కూడ ప్రెసిడెంట్ సారుకు గిదే పరీక్ష పెడుత.”

“పెట్టుండ్రి మేడం,” అంది నాగరాణి. దేవరకొండ అధ్యక్షుడు ఎవరో ఆమెకు తెలియదు. అయినా అక్కడి సభ్యుల తరఫున మనసులో దణ్ణం పెట్టుకుంది.

జూలై దాకా ఉన్న రోజులన్నీ ఆమెకు ఒకటే దిగులు. దుకాణంలో గిరాకీ లేనప్పుడు నిలువుటద్దం ముందు నిలబడి మాటలు కట్టుకునేది. మొదట నాలుగు మాటలకే నోరు ఎండిపోయేది. తర్వాత తర్వాత బాగానే వచ్చాయి. రాత్రి భోజనం దగ్గర పరమేష్‌కు వినిపించింది. ఆయన అన్నం కలుపుకుంటూ విన్నాడు, పెరుగు పోసుకుంటూ విన్నాడు, చెయ్యి ఎండిపోతుండగా కూడా విన్నాడు.

“ఇంక మస్తు మిగిలున్నదా?” అని అడిగాడు చివరికి.

జూలైలో కొత్త కమిటీ మొదటి కార్యక్రమం సర్కారు దవాఖాన ఆవరణలో. వేప, కానుగ మొక్కలు నాటాలి. పైన మబ్బు కమ్ముకుని ఉంది. జానీ మైకు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. నాగరాణి తల ఎత్తి చూసింది. ఎదురుగా అన్ని మొహాలూ తన వైపే తిరిగి ఉన్నాయి. ఇంట్లో గానీ దుకాణంలో గానీ ఇంతమంది ఒక్కసారిగా ఆమె మాట కోసం ఎప్పుడూ ఆగలేదు. నమస్కారం చెప్పింది. చెట్లు ఎందుకు కావాలో ఒక మాట చెప్పింది. గొంతు పెద్దదై ఆవరణ అంచుల దాకా పోయి తిరిగొచ్చింది. అది ఆమె గొంతే. బాగుంది. ఇంకో మాట చెప్పింది. మబ్బుల గురించి ఒకటి గుర్తొచ్చింది, అదీ చెప్పింది. రైతుల గురించి చెబితే ఇంకా బాగుంటుందనిపించి ఊపిరి పీల్చుకుంది.

అప్పుడు చివరి వరసలో శ్రీశైలం కనిపించాడు. చెయ్యి ఊపలేదు, సైగ చేయలేదు. బుద్ధిగా చేతులు కట్టుకుని, ఎంతసేపైనా వింటానన్నట్టు కూర్చున్నాడు. ఆ వినడం చూసి నాగరాణి, పీల్చుకున్న ఊపిరిని మాట కానివ్వకుండా వదిలేసింది.

“వాన వస్తాంది. లేవుండ్రి, నాటుదాం,” అని మైకు కట్టేసింది.

ఎవరూ లేవలేదు. ఇది మధ్యలో విరామమేమో అనుకున్నారు. దుర్గయ్య చప్పట్లు కొట్టాలో వద్దో తేలక రెండు చేతులూ దగ్గరగా పట్టుకుని ఉన్నాడు.

“అయిపోయిందా బహెన్?” అన్నాడు జానీ, మైకు తిరిగి తీసుకోవడానికి కూడా అనుమానపడుతూ.

“అయిపోయింది భాయ్.”

శ్రీశైలమే ముందు లేచాడు. కండువా నడుముకు చుట్టుకుని, గడ్డపార భుజాన వేసుకుని గోడ పక్కకు నడిచాడు. అప్పుడు అందరూ లేచారు. మొదటి గుంతలో మొక్క దించి మన్ను కప్పుతుండగానే చినుకులు పడ్డాయి. రెండో గుంత తవ్వేసరికి వాన పట్టుకుంది. జానీ మైకును చొక్కా లోపల దాచుకుని దవాఖాన వరండాలోకి పరుగెత్తాడు. మిగిలినవాళ్లు నెత్తిన తువ్వాళ్లు వేసుకుని, బురదలో జారుతూ, ఒకరి మొక్క ఒకరు లాక్కుంటూ, చివరి కానుగ దాకా నాటేశారు.

ఆ రోజు ఎవరూ ఫొటో తీయలేదు. ఫోన్లు తడుస్తాయని.